బతికినవాళ్ళ గోడ

చనిపోయినవాళ్ళకు రాయి పాతడం మనకు తెలిసిన పనే. బతికి బయటపడ్డవాళ్ళ కోసం గోడ కట్టడం మాత్రం నేను మొదటిసారి ఓక్లహోమాలో చూశాను. ఆ గోడలో ఇప్పుడు నేను చేసిన మట్టిపలక కూడా ఒకటి ఉంది. దాన్ని చేయడానికి పోయి వచ్చిన దారి గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. దారి కంటే దారిలో మాటలే ఎక్కువ గుర్తున్నాయి, అవే రాస్తున్నాను.

ఎమ్మెస్ చదివే రోజుల్లో నేనూ, చీరాల మేరీ, జగిత్యాల స్వప్నా ఓక్లహోమాలో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. రెండో ఏడు వసంతంలో ఆ ఊరి మీదుగా టోర్నడో నడిచి వెళ్ళింది. మా బిల్డింగ్ పోయింది, మేం మిగిలాం. ఎదురింటి నార్మా తన సెల్లార్‌లోకి మమ్మల్ని పిలిచింది కాబట్టి మిగిలాం. సెల్లార్ అంటే మన హైదరాబాదులో బండ్లు పెట్టుకునే చోటు కాదు. పెరట్లో నేలలోకి తవ్విన చిన్న కాంక్రీటు గది. పైన ఏటవాలుగా ఇనుప తలుపు ఉంటుంది. ఊరి పేరు మాత్రం రాయను. టోర్నడోతో కాకుండా ఇంకో సంగతితో తమ ఊరు పదిమందికీ గుర్తుండాలని అక్కడివాళ్ళ కోరిక, అది న్యాయమైన కోరికే.

ఆరేళ్ళ తర్వాత, రెండువేల పధ్నాలుగు వేసవిలో, నార్మా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రోజు బతికినవాళ్ళందరి పలకలూ చేయించి స్కూలు గోడకు అతికిస్తున్నారట. ఎవరి పలక వాళ్ళే వచ్చి చేసుకోవాలట. "మీ ముగ్గురమ్మాయిలూ రండి" అని రాసింది. అప్పటికి మేం ముగ్గురం లేము. స్వప్న చదువు ముగించుకుని హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. అంతకు ఏడాదిన్నర ముందు డెంగ్యూ వచ్చి అయిదు రోజుల్లో పోయింది. టోర్నడో ఏమీ చెయ్యలేని మనిషిని దోమ చంపింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నార్మాకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను. తర్వాత స్వప్న వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ జగిత్యాలలో జాకెట్లు కుడుతుంది. గోడ సంగతి చెప్పగానే అడిగింది.

"బతికినోళ్ల గోడనా బిడ్డా?"

"అవునమ్మా."

"గా గోడ మీద నా బిడ్డ పేరు రాయించుండ్రి. గక్కడనన్న బతికినోళ్లల్ల ఉండనీ."

"తప్పకుండా రాయిస్తానమ్మా" అన్నాను. పేరు రాయించడం ఎంత పనిలే అనుకున్నాను.

పైన్ చెట్లు, పేలిన మజ్జిగ

మేరీ, నేను ఇప్పుడు పడమటి ఎడారి ఊరు చాండ్లర్‌లో రెండు వీధుల తేడాతో ఉంటాం. ఇద్దరివీ కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఉద్యోగాలే. ఫ్లైట్ బుక్ చేస్తే మధ్యాహ్నానికి చేరేవాళ్ళం. డ్రైవ్ చేద్దామని పట్టుబట్టింది నేను. నాకు ఆ ఊరు అంత తొందరగా చేరాలని లేదు. ఆ మాట మేరీకి చెప్పలేదు, పెట్రోలు లెక్కలేవో చెప్పాను. ఆమె నమ్మినట్టు నటించింది.

అక్టోబరు మొదటి గురువారం పొద్దున్నే బయల్దేరాం. మేరీ గుంటూరు నుంచి ఢిల్లీకి రైల్లో పోతున్నట్టు సర్దింది. స్టీలు డబ్బా నిండా పులిహోర, చేగోడీలు, ఉప్పూ అల్లం వేసిన మజ్జిగ ప్లాస్టిక్ సీసాలో. చాండ్లర్‌లో బ్రహ్మజెముడు జాతి చెట్లు చేతులెత్తి నిలబడి ఉంటాయి, అక్టోబరులో కూడా ఎండ మాడుస్తుంది. ఉత్తరానికి రెండు గంటలు ఎక్కేసరికి అదంతా ఎవరో తుడిచేసినట్టు పోయి, చుట్టూ పైన్ చెట్లు, చల్లగాలి. నిద్రలో ఒక కలలోంచి ఇంకో కలలోకి పోయినట్టే ఉంటుంది, మధ్యలో మెలకువ రాదు.

కొండ మీద ఒక చోట కారాపి మేరీ మజ్జిగ సీసా మూత తిప్పింది. ఎత్తుకు వచ్చేసరికి సీసా ఉబ్బి ఉందని మాకు తట్టలేదు. ఫట్‌మని పేలి మజ్జిగంతా కారు అద్దం మీదా, మేరీ కళ్ళజోడు మీదా. కరివేపాకు రెబ్బ ఒకటి స్టీరింగ్‌కు అతుక్కుంది.

"నవ్వుతావేందే? తుడువు" అంది మేరీ.

పక్కన ఆగిన లారీ డ్రైవరు, గడ్డం పెద్దాయన, పేపరు టవల్ చుట్ట మొత్తం మాకిచ్చి, ఇదేం డ్రింకని అడిగాడు. మిగిలిన గుక్కెడు రుచి చూశాడు. అల్లం ఘాటుకు కళ్ళు పెద్దవి చేసి, "ఇది తాగే మీరు ఇంత దూరం వచ్చారా" అన్నాడు. ఎంత దూరం అన్నాడో, చాండ్లర్ నుంచా, ఆంధ్రా నుంచా, నేను అడగలేదు.

గాలప్ దగ్గర రొట్టె

గాలప్ ఊరు ఇంకో అరగంట ఉందనగా రోడ్డు పక్కన రేకుల నీడలో నవహో తెగ ఆవిడ ఒకరు రొట్టెలు వేయిస్తోంది. అరవై ఏళ్ళుంటాయి, నీలి రాళ్ళ గాజులు వేసుకుంది. పిండిని రెండు చేతుల మధ్యా అటూ ఇటూ వేసి చప్పట్లు కొట్టినట్టే పలచన చేస్తుంది, కర్ర గిర్ర ఏమీ లేదు. నూనెలో వేస్తే మన పూరీకి పెద్దక్కలా పొంగింది. రొట్టె నాలుగు డాలర్లు. ఉప్పా, తేనా అని అడిగింది. నేను ఉప్పన్నాను, మేరీ రెండూ అంది.

కాగే నూనె పక్కన కూర్చుంటే ఎవరికైనా మాటలొస్తాయి. ఎక్కడికని అడిగింది. మేరీ మొత్తం చెప్పింది, గోడ, స్వప్న, పేరు. ఆవిడ రొట్టె తిరగేస్తూ, తమవాళ్ళలో పోయినవాళ్ళ పేరు పైకి పలకరని చెప్పింది. పలికితే వాళ్ళ దారికి అడ్డం పడినట్టట.

నాకు కొంచెం భయం వేసింది. "అయితే మేం చేసేది తప్పా?"

"మీ మనిషి, మీ పద్ధతి" అంది. రొట్టె తీసి మాకందిస్తూ, "వంట బాగా చేసేదా ఆ అమ్మాయి?" అని అడిగింది.

"ఉప్మా మాడ్చేది" అన్నాను. "రోజూ."

ఆవిడ నవ్వింది. స్వప్న గురించి ఎవరైనా అలా ఒక మామూలు ప్రశ్న అడిగి ఎన్నాళ్ళైందో. మా వైపు పోయినవాళ్ళ పేరెత్తకూడదని లేదు కానీ, ఎత్తితే ముందొక 'పాపం' తగిలించకుండా వదలరు. మాడిన ఉప్మా సంగతి ఎవరూ అడగరు. రొట్టె వేడిగా, మెత్తగా, అంచుల్లో కరకరలాడుతూ బ్రహ్మాండంగా ఉంది. మేరీ ఇంకొకటి తీసుకుంది.

వెనక సీట్లో

రాత్రి గాలప్‌లో పడుకుని, శుక్రవారమంతా న్యూ మెక్సికో దాటడమే. ఎర్ర బండరాళ్ళు, పొడుగాటి గూడ్సు రైళ్ళు, రోడ్డుకు అడ్డంగా దొర్లుకుంటూ పోయే ఎండు కంప. ఒక కంప మా కారు కిందికి దూరి పది మైళ్ళు గీక్కుంటూ వచ్చింది. మేరీ ఆపి, కిందికి వంగి దాన్ని పీకుతూ, కంపను చీరాల భాషలో ఏమేం తిట్టిందో ఇక్కడ రాయలేను.

మధ్యాహ్నం మేరీ డ్రైవ్ చేస్తుంటే నాకు కునుకు పట్టింది. వెనక సీట్లో స్వప్న కూర్చుని ఉంది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని చేత్తో తింటూ, "ఇంత పులుపేందే, నా పండ్లు గుంజుతున్నయి" అంటోంది. పల్లీలన్నీ ముందే ఏరుకుని తినేసింది. కిటికీలోంచి మబ్బులు చూస్తోంది. మబ్బు నీడలు గడ్డి మీద మాతోపాటే పరుగెత్తుతున్నాయి. నాకు అది కలలా అనిపించనే లేదు. ఆమె వచ్చిందంటే ఇక ఆ గోడ పని తేలిక, ఆమె పలక ఆమే చేసుకుంటుంది కదా అని హాయిగా కూడా అనిపించింది. మెలకువ వచ్చి, "పల్లీలు నాకూ కొన్ని ఉంచవే" అనబోతూ వెనక్కి తిరిగాను. సీటు మీద మా బ్యాగులున్నాయి.

"ఏందే?" అంది మేరీ.

"ఏం లేదు. ఎక్కడున్నాం?"

"టెక్సాస్ వచ్చింది. నువ్వు నిద్రలో నవ్వుతున్నావ్."

అమరిల్లో అనే ఊరికి ముందు నేల బల్లపరుపు అయిపోతుంది. అంత పెద్ద ఆకాశం కింద కారు కదులుతోందో లేదో తెలియదు. వందల గాలిమరలు ఒకే తీరున నెమ్మదిగా తిరుగుతున్నాయి. గాలంటే నాకు ఆరేళ్ళుగా పడదు. కిటికీ తలుపు కొట్టుకుంటే చాలు, లేచి నిలబడతాను. అదే గాలి అక్కడ బుద్ధిగా, గానుగెద్దులా పని చేసుకుంటోంది. చాలాసేపు చూశాను.

అమరిల్లోలో మేం దిగిన మోటెల్ ఒక గుజరాతీ ఆవిడది, గది యాభై అయిదు డాలర్లు. ఇండియావాళ్ళమని తెలిసి అయిదు తగ్గించింది. పొద్దున తన వంటింట్లోంచి యాలకుల టీ తెచ్చి ఇచ్చి, మా పులిహోర కొంచెం పెట్టించుకుంది. పులిహోర మూడో రోజుకు ఇంకా రుచికెక్కింది, ఎప్పుడూ అంతే.

శనివారం పన్నెండు గంటలకు

ఓక్లహోమాలో నేల ఎర్రగా జేగురులా ఉంటుంది. వానొస్తే వాగులు కుంకుమ కలిపినట్టు పారుతాయి. మా ఊరు దగ్గరపడుతున్నకొద్దీ నేను తెలిసిన గుర్తుల కోసం చూశాను, ఒక్కటీ దొరకలేదు. ఇళ్ళన్నీ కొత్తవి. చెట్లన్నీ ఒకే ఈడు, ఒకే క్లాసు పిల్లల్లా ఒకే ఎత్తు. మా అపార్ట్‌మెంట్ ఉన్నచోట పళ్ళ డాక్టరు ఆఫీసు ఉంది.

ఆకలేసి మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న హోటల్లోకి వెళ్ళాం. అక్కడివాళ్ళకు బెండకాయ ప్రాణం. ముక్కలు కోసి మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు. బుట్టెడు మూడున్నర డాలర్లు. జిగురు లేదు, పచ్చిమిర్చీ లేదు, అయినా మన వేపుడుకు దూరపు చుట్టమని ఒప్పుకోవచ్చు. రెండో ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో సైరన్ మోగింది.

నాకు తెలిసేలోపు నేను బల్ల కింద ఉన్నాను. మేరీ అప్పటికే అక్కడుంది. నా చెయ్యి పట్టుకుని తెలుగులో ప్రార్థన మొదలుపెట్టింది. బెండకాయలు మా నెత్తిమీద పడ్డాయి. హోటల్లో ఇంకెవరూ కదల్లేదు. చెంచాల చప్పుడు కూడా ఆగలేదు. వడ్డించే అమ్మాయి బల్ల కిందికి వంగి చూసింది.

"హనీ, శనివారం పన్నెండు గంటలు. టెస్ట్ చేస్తారు అంతే."

ప్రతి శనివారం మోగుతుందని మాకూ తెలుసు. రెండేళ్ళు విన్నాం. తలకు తెలిసినా ఒళ్ళు వినలేదు. సిగ్గుపడుతూ లేచి కూర్చుంటే, పక్క బల్ల దగ్గర తాతగారు తన బుట్టలోని బెండకాయలు సగం మా బుట్టలో పోశాడు. "ఆ ఏడాదంతా నేనూ కిందే ఉండేవాణ్ణి" అన్నాడు. ఎగతాళి చేయలేదు.

డెల్ పెట్టిన రూలు

పలకలు చేయించేది డెల్ అనే ఆయన. స్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. స్కూలు వెనక షెడ్డులో ఆ ఊరి ఎర్రమట్టే తడిపి, పిసికి, అరచెయ్యి మందాన పలకలు కోస్తాడు. వచ్చినవాళ్ళు చేత్తో అచ్చు వేసి, కింద పుల్లతో ఒక ముక్క రాస్తారు. ఆరాక బట్టీలో కాల్చి గోడకు అతికిస్తాడు. గోడ ముందు నిలబడి చూశాను. పెద్ద చేతులు, చిన్న చేతులు, నాలుగు వేళ్ళ చెయ్యి ఒకటి, ఒక కుక్క పాదం. చేతులన్నీ మనల్ని ఆపుతున్నట్టూ ఉన్నాయి, పిలుస్తున్నట్టూ ఉన్నాయి.

నేను స్వప్న సంగతి చెప్పాను. వాళ్ళమ్మ అడిగిన మాట కూడా చెప్పాను. చిన్న పలక చాలు, పేరొక్కటే రాస్తామన్నాను.

డెల్ చేతులు తుడుచుకున్నాడు. "కుదరదు" అన్నాడు. "ఎవరి పలక వాళ్ళే చేసుకోవాలి."

"ఆమె ఆ రోజు బతికింది. ఈ గోడ బతికినవాళ్ళదే కదా!" నా గొంతు పెరిగింది.

"మా ఆవిడ లొరేన్ కూడా ఆ రోజు బతికింది" అన్నాడాయన. "ఆ ఏడాది చలికాలంలో గుండె ఆగి పోయింది. ఆమె పలకా లేదు."

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు.

"ఈ బళ్ళో పిల్లలకు ఇప్పటికీ మబ్బు పడితే ఏడుపు. వాళ్ళు ఏ చెయ్యి చూపించి అడిగినా, ఆ మనిషి వచ్చి అందులో తన చెయ్యి పెట్టి చూపించగలగాలి. ఉన్నారు, చూడండి, అని. ఒక్కళ్ళు లేకపోయినా పిల్లలు కనిపెడతారు. పోయినవాళ్ళ రాయి పార్కులో ఉంది."

"ఆ రాయి మీద స్వప్న లేదు" అన్నాను.

"లొరేన్ కూడా లేదు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం నిలబెట్టుకోవడానికి చోటు లేకుండా చేశాడని ఇంకా కోపం వచ్చింది. మా పలకలు రేపు చేస్తామని చెప్పి బయటికి వచ్చేశాం.

"సొంత పెళ్ళాన్నే పెట్టుకోలా ఆయన. మన స్వప్నని ఎట్టా పెడతాడే?" అంది మేరీ. కళ్ళు తుడుచుకుంది. "వాళ్ళమ్మకేం చెబుతావ్?"

మాటిచ్చింది నేను.

నార్మా గడప

నార్మాకు ఎనభై మూడేళ్ళు. ఇల్లు కొత్తది, పెరట్లో సెల్లార్ మాత్రం పాతదే. మమ్మల్ని చూసి తలుపు బార్లా తీసింది. మేం అలవాటుగా గుమ్మంలో చెప్పులు విప్పాం. మేరీ రెండు జతలూ గోడవారగా వరసగా పెట్టింది. నార్మా వాటిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు, తర్వాత ఏడుపూ ఆగలేదు.

"మళ్ళీనా! అమ్మాయిలూ, మళ్ళీనా!"

ఆ సాయంత్రం జరిగింది ఇదీ. ఆకాశం కుళ్ళిన నిమ్మకాయ రంగులోకి తిరిగింది. సైరన్ మోగుతోంది. నార్మా వట్టికాళ్ళతో సెల్లార్ తలుపు పట్టుకుని కేకలేస్తోంది. మేం ముగ్గురం రోడ్డు దాటి పరుగెత్తాం. తలుపు దగ్గరికి వచ్చి మేరీ ఆగింది. సెల్లార్ మెట్ల మీద తివాచీ ముక్క పరిచి ఉంది మరి. పరాయివాళ్ళ ఇంట్లోకి చెప్పులతో ఎట్టా పోతామని తను విప్పి, నా చేత విప్పించి, రెండు జతలూ తలుపు పక్కన చక్కగా సర్దింది. వెనక టోర్నడో వస్తోంది. స్వప్న మాత్రం స్పోర్ట్స్ షూతో ధడధడా దిగిపోయింది. ఆమె మా అపార్ట్‌మెంట్‌లోనూ అంతే. కార్పెట్ మీద బూట్లతో తిరుగుతుందని మేరీ రోజూ గొడవపడేది.

పైకి వచ్చేసరికి మా చెప్పులే కాదు, నార్మా ఇల్లే లేదు. నేలంతా గాజు పెంకులు, మేకులు. వీధిలో జనం స్నానాల తొట్లలోంచి, మంచాల కిందనుంచి వట్టికాళ్ళతో లేచి వస్తున్నారు, ఎవరూ అడుగు తీసి అడుగు వేయలేరు. కాళ్ళకు గట్టి బూట్లున్నది స్వప్న ఒక్కతికే. "మీరు కదలకుండ్రి, నేనొస్త" అని చెప్పి శిథిలాల్లోకి పోయింది. దొరికిన చెప్పూ బూటూ ఏరుకొచ్చి మనిషి మనిషికీ తొడిగింది. జతలెక్కడ దొరుకుతాయి? మేరీకి ఒక మగవాళ్ళ బూటు, ఒక పిల్లల వాన చెప్పు. నాకు రెండూ ఎడమకాలివే. పాస్టరుగారి భార్య ఒక కాలికి నాట్యం చేసే వెండిరంగు చెప్పుతో నిలబడింది. ఆ వీధి వీధంతా జత కుదరని కాళ్ళతో, ఎవరి కలలోంచో నడిచొచ్చినట్టు, పెద్ద రోడ్డు దాకా నడిచి వెళ్ళాం. స్వప్న అంబులెన్సులు వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

నార్మా సెల్లార్‌లోకి దిగి, పచ్చడి సీసాల వెనకనుంచి ఒక నల్ల రబ్బరు బూటు తెచ్చి మా ముందు బల్ల మీద పెట్టింది.

"నాకు తొడిగింది ఇదే. పారేయలేకపోయాను. డెల్ ఏమన్నాడు?"

చెప్పాం.

"మంచివాడు. మొండివాడు కూడా." బూటు తిరగేసి అడుగు చూసింది. "పలక మీద చెయ్యే వెయ్యాలని రూలేం లేదే. కుక్క కాలు కూడా వేసింది. నేనింకా నా పలక చేయలేదు, మీరు వచ్చాక చేద్దామని ఉంచాను. నా పలక మీద ఏముండాలో నా ఇష్టం."

ఆ పూట నార్మా ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆ వీధివాళ్ళలో ముగ్గురు ఆ ఒంటి చెప్పులు దాచుకున్నారని అప్పుడు తెలిసింది. ఇద్దరు పలకలు ఇంకా చేయలేదు. మెకానిక్ రాయ్ చేసేశాడు, అయినా వస్తానన్నాడు.

తడిమట్టి మీద

ఆదివారం మేరీ నార్మాతో చర్చికి వెళ్ళింది. చాండ్లర్‌లో తను వెళ్ళే తెలుగు చర్చిలో ప్రార్థన మూడు గంటలు, తర్వాత బిర్యానీ. అక్కడ గంటలో అయిపోయింది, తర్వాత కాఫీ మాత్రమేనని వచ్చి ఫిర్యాదు చేసింది.

మధ్యాహ్నం అందరం షెడ్డు దగ్గర చేరాం. నార్మా చేతిలో రబ్బరు బూటు, పాస్టరుగారి భార్య చేతిలో వెండి చెప్పు, రాయ్ దగ్గర ఒక పసిపిల్లల బూటు. అది అతని కాలికి ఎలా పట్టిందని అడిగాను. బొటనవేలికి తగిలించుకుని మడమ మీద నడిచాడట. ఇంకొకాయన తోట చెప్పు తెచ్చాడు. డెల్ ఏమీ అడగలేదు. మట్టి కోసి ఇచ్చాడు.

నార్మా పలక మీద బూటు పెట్టి రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కింది. తీస్తే అడుగు గీతలతో సహా దిగింది. కింద పుల్లతో రాసింది: "ఇది నాకు తొడిగింది స్వప్న." వెండి చెప్పు మడమ చిన్న గుంటలా పడింది. దాని కిందా ఆ పేరే. తోట చెప్పు కిందా అదే.

మా దగ్గర చెప్పులు లేవు, ఎప్పుడో పారేశాం. నేను వట్టికాలు వేస్తానన్నాను, ఆ రోజు వట్టికాళ్ళతో వచ్చినవాళ్ళం కదా. మేరీ వెనకాడింది.

"కాలితో తొక్కింది గోడ మీద పెడతారా? పేరు కూడా రాసి?"

"స్వప్న తొడిగింది కాళ్ళకే కదే."

మేరీ సాక్సు తీసి, మట్టి మీద కాలు వేసింది. వేసిన వెంటనే వంగి ఆ మట్టిని తాకి కళ్ళకద్దుకుంది. చర్చికి పోయొచ్చి రెండు గంటలు కాలేదు. మా వైపు అలవాట్లు మతం అడిగి రావు. మట్టి చల్లగా, మెత్తగా, వేళ్ళ మధ్యనుంచి పైకి వచ్చింది. నేను నా పాదం కింద తెలుగులో రాశాను: "స్వప్న స్నేహితురాలు." మేరీ కూడా తెలుగులోనే రాసింది. ఏం రాసిందో నాకు చూపించలేదు, కానీ మొదటి మాట నాకు కనబడింది.

డెల్ అన్ని పలకల మీదా ఆ పేరు చూశాడు. మా రాత చదవలేడు కాబట్టి నన్ను అడిగాడు, చదివి చెప్పాను. ఒక్కో పలకా ఎత్తి ఆరబెట్టే చెక్క మీద పెట్టాడు, ఏదీ తీసి పక్కన పెట్టలేదు.

"అడిగితే పిల్లలకు మీరే వచ్చి చెప్పాలి" అన్నాడు నార్మాతో.

"బూటు కూడా తెచ్చి చూపిస్తా" అంది నార్మా.

డెల్ గోడ వైపు వెళ్ళాడు. తన చెయ్యి అచ్చున్న పలక ముందు నిలబడ్డాడు. తర్వాత రాయ్‌ని పిలిచి, సన్న ఉలి ఉందా అని అడిగాడు. "నా పలక ఊడదీయాలి. మళ్ళీ చేసుకుంటాను. లొరేన్ ఆ రోజు నాకు కప్పిన కోటు ఇంట్లోనే ఉంది" అన్నాడు.

సోమవారం పొద్దున

బయల్దేరే ముందు నార్మా పెరట్లో నిలబడి జగిత్యాలకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. మాట నిలబెట్టుకోలేకపోయానని ముందే చెప్పేశాను. స్వప్నకు పలక లేదమ్మా, ఒప్పుకోలేదు, కానీ అయిదుగురి పలకల మీద దాని పేరుంది, కొన్నిటి మీద చెప్పుల గుర్తులున్నాయి అన్నాను.

"చెప్పులేంది?" అంది ఆవిడ.

అప్పుడు అర్థమైంది, వాళ్ళమ్మకు ఆ సంగతి తెలియనే తెలియదు. భయపడుతుందని స్వప్న ఇంట్లో టోర్నడో గురించి సగం కూడా చెప్పలేదు. నేను మొదటినుంచీ చెప్పాను. మేరీ చెప్పులు సర్దడం, స్వప్న బూట్లతో దిగిపోవడం, పైకి వచ్చాక వీధంతా తిరగడం. ఆవిడ మధ్యలో ఆపింది.

"ఆగు బిడ్డా. పరాయోళ్ల ఇంట్లకు బూట్లేస్కొనే పోయిందా?"

"అవునమ్మా."

"ఎన్నిసార్లు చెప్పిన దానికి! గీడ గూడ గంతే. నేను బండలు తుడుస్తనే ఉంట, అది టకటక తొక్కుకుంట పోతది. ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు? తల్లి నేర్పలేదనరా? ఇంటికి రానీ, దాని సంగతి చెప్త."

అవతల ఒక్కసారిగా మాట ఆగిపోయింది. నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"చెప్పమ్మా" అన్నాను. "గట్టిగానే చెప్పు."